బండి నీడలో, ప్యానెల్ ఎండలో

మా పెదనాన్నగారి చిన్నబ్బాయి పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు పీకించి, లోపల రెండు పడకలు, ఒక వంటగట్టు, చిన్న సింకు పెట్టించుకుంటున్నాడు. సెలవులొస్తే పిల్లల్నీ వాళ్లమ్మనీ ఎక్కించుకుని తిరగాలని వాడి కోరిక. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, టాపంతా సోలార్ నింపేద్దామనుకుంటున్నా. వెయ్యి వాట్లు పడతాయంట. ఏసీ కూడా ఆడుద్దంట. నువ్వేమంటావ్?" అన్నాడు. బాడీ షెడ్డు వాళ్లు కొటేషన్ కూడా రాసిచ్చేశారట.

నేను వద్దన్నాను. వద్దనడానికి అర నిమిషం పట్టింది. ఎందుకు వద్దో చెప్పడానికి ఆ ఫోన్ కాల్ సరిపోలేదు. మా బండి చూసినవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు, "పైన ఇంకా బోలెడు ఖాళీ ఉంది కదండీ, ఎందుకు వదిలేశారు?" అని. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గోదావరి డెల్టాలో తిరిగే బండికి టాపు మీద సగానికి మించి ప్యానెళ్లు బిగించకూడదు. మిగిలిన అవసరానికి ఒక ప్యానెల్ విడిగా ఉండాలి, కేబుల్ పట్టుకెళ్లి ఎండ ఉన్న చోట పెట్టుకునేలా. ఎందుకంటే ఈ నేల మీద బండి ఆగాల్సిన చోటు నీడ. ప్యానెల్ ఉండాల్సిన చోటు ఎండ. రెంటినీ ఒకే టాపుకి కట్టేస్తే ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది.

ఇందులో నా పట్టుదలకి కారణం అమ్మ. మా బండి ఎక్కువగా ఆవిడ కోసమే తిరుగుతుంది. ద్రాక్షారామం, ర్యాలి, మురమళ్ల, అయినవిల్లి, అంతర్వేది. ఆవిడకి షుగరు, ఇన్సులిన్ వాడుతుంది. నిల్వ ఉంచే మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మూసి ఉన్న బండి లోపల ఎంత వేడి ఉంటుందో తెలిసినవాళ్లకి ఆ చిన్న ఫ్రిజ్ ఎందుకు ఆగకూడదో వేరే చెప్పక్కర్లేదు. కరెంటు నాకు సరదా విషయం కాదు.

మేడ మీది లెక్క బండికి చెల్లదు

2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం వచ్చాక మా వైపు చాలా మేడల మీద ప్యానెళ్లు వెలిశాయి. మూడు కిలోవాట్లకి 78 వేల దాకా సబ్సిడీ. రోజుకి సుమారు పన్నెండు యూనిట్లు. పెట్టించుకున్నవాళ్లు సంతోషంగానే ఉన్నారు, ఉండాలి కూడా. చిక్కెక్కడొస్తోందంటే, అదే లెక్క బండికి వేస్తున్నారు. ఇంటి మీద మూడు కిలోవాట్లకి ఇంత వస్తే బండి మీద ఒక కిలోవాట్‌కి మూడో వంతు వస్తుంది కదా అని.

ఇంటికి వెనకాల కరెంటు స్తంభం ఉంది. మధ్యాహ్నం మనం వాడుకోగా మిగిలింది లైన్లోకి పోతుంది, రాత్రి కావలసింది లైన్లోంచి వస్తుంది, నెట్ మీటరు రెండూ లెక్కగడుతుంది. అంటే ఇంటి మీద తయారైన ప్రతి యూనిట్‌కీ విలువ ఉంది. బండికి ఆ స్తంభం లేదు. ఉన్నది ఒక బ్యాటరీ. అది పదకొండు గంటలకి నిండిపోతే ఆ తర్వాత టాపు మీద పడిన ఎండంతా వృథా. అది ఖాళీ అయిన రాత్రి పైన వెయ్యి వాట్లున్నా రెండు వేలున్నా ఒకటే.

ఇంకో తేడా ఉంది. మేడ మీద పెట్టేటప్పుడు చెట్టు నీడ పడని మూల చూసి, దక్షిణానికి వాల్చి, ఒకసారి బిగిస్తే పాతికేళ్లు అదే చోటు. బండికి రోజూ కొత్త చోటు. ఆ చోటుని ఎంచేది ప్యానెల్ కాదు. దారి, గుడి, తోట యజమాని మంచితనం, లోపలున్న మనిషి ఆరోగ్యం, ఇవన్నీ కలిసి ఎంచుతాయి.

అందుకే టాపు కొలతలు పక్కన పెట్టి, ముందు రోజు ఖర్చు రాసుకోవాలి. మాది ఇలా ఉంటుంది. 12 వోల్టుల, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, ఒక్కోటి పాతిక వాట్లు, రోజుకి పద్నాలుగు గంటలు ఆడితే 700 వాట్-అవర్లు. కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల ఫ్రిజ్ ఆడుతున్నప్పుడు యాభై వాట్ల లోపే తీసుకుంటుంది. వేసవిలో సగం సేపు ఆడుతుంది కాబట్టి ఒక 600 వేసుకోండి. లైట్లు, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి వంద. మొత్తం 1400. వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్ కాబట్టి, ఒక యూనిట్ మీద 400. వేసవి రోజున ఇంతకి మించి ఖర్చు కాదు. వంట గ్యాస్ మీద. ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే ఈ లెక్కంతా మారిపోతుంది, అది ఒక్కటే 1500 నుంచి 2000 వాట్లు లాగుతుంది.

టాపు మీద 330 వాట్లు ఉంటే, మన దగ్గర రోజుకి సరాసరి ఐదు గంటల నిండు ఎండ లెక్క, వేడి వల్లా దుమ్ము వల్లా వైర్ల వల్లా పోయేది తీసేస్తే ఒక యూనిట్ పైన వస్తుంది. ఇదంతా బండి ఎండలో ఉంటేనే.

కొబ్బరి మట్ట నీడ

అయినవిల్లి దగ్గర ఒక తోటలో ఆగాం ఒకసారి. కొబ్బరి చెట్ల మధ్య కళ్లంలా కాస్త ఖాళీ ఉంటే, ప్యానెళ్లకి ఎండ తగులుతుందని బండి అక్కడ పెట్టాను. తోటలో ఇల్లున్న మామ్మగారు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి, బండినీ లోపల విసురుకుంటున్న అమ్మనీ చూసి, "అదేంటండీ బాబూ, పెద్దావిణ్ణి పెట్టుకుని ఎండలో ఆపారు? ఆ చింత కిందకి పెట్టుకోండి. సాయంత్రం దాకా చల్లగా ఉంటాది" అన్నారు. ఎండ కావాలని నేను చెప్పబోతే ఆవిడకి అర్థం కాలేదు. ఎండ కావాలనేవాణ్ణి ఆవిడ మే నెలలో ఎప్పుడూ చూసి ఉండరు.

ఆవిడదే సరైన మాట. బండి టాపు ఎనిమిది చదరపు మీటర్లనుకుంటే, మిట్టమధ్యాహ్నం దాని మీద పడే ఎండ దాదాపు ఎనిమిది కిలోవాట్లు. తెల్లరంగు కొంత తిప్పికొడుతుంది, మందపు ఇన్సులేషన్ కొంత ఆపుతుంది. అయినా ప్యానెళ్లు ఆ ఎండలో ఐదో వంతుని మాత్రమే కరెంటుగా మారుస్తాయి, అదీ అవి కప్పినంత మేర. మిగిలిన వేడిలో లోపలికి దిగినదాన్ని బయటికి తోలడానికి ఎండలో సంపాదించిన కరెంటు ఏ మూలకీ చాలదు. చింతచెట్టు ఆ పని పైసా ఖర్చు లేకుండా చేస్తుంది.

దీనికి ఒక గట్టి ఎదురు మాట ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. టాపుకీ ప్యానెల్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలితే ప్యానెలే గొడుగవుతుంది, ఎండ నేరుగా రేకు మీద పడదు, సందులో గాలి ఆడుతుంది. ఇది నిజం. మా బండిలో మధ్యాహ్నం సీలింగు ప్లైవుడ్ మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది. ప్యానెల్ కింద ఉన్న చోట గోరువెచ్చగా ఉంటుంది. జానెడు పక్కకి జరిపితే, పైన ఖాళీ ఉన్న చోట, చెయ్యి ఎక్కువసేపు ఉంచలేం. ఆ లెక్కన టాపంతా నింపేస్తే చల్లగా ఉంటుంది కదా అని మా తమ్ముడు వాదించాడు. టాపు వరకూ ఆ వాదన ఒప్పుకుంటాను. పక్క గోడలు, ముందు అద్దం, డ్రైవరు వైపు తలుపులు ఎక్కడికి పోతాయి? డెల్టా వేడిలో తేమ ఉంటుంది. చెమట ఆరదు. గొడుగే కావాలనుకుంటే వెదురు తడికో గోనెపట్టానో వెయ్యి వాట్ల ప్యానెళ్లలో పదో వంతు ధరకి దొరుకుతుంది.

సరే, చెట్టు కింద పెట్టాం. ఇప్పుడు ప్యానెళ్ల సంగతి. చింతనీడ దట్టంగా ఉంటుంది, కాబట్టి ఏమీ రాదు, ఆశా ఉండదు. కొబ్బరినీడ అలా కాదు. పైకి చూస్తే ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది, నేల మీద ఎండ చారలు చారలుగా ఉంటుంది, సగమైనా వస్తుందిలే అనిపిస్తుంది. సగం రాదు. ప్యానెల్లోని గడులు ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్క గడి నీడలో పడితే ఆ వరుస మొత్తం ఆ గడి ఇచ్చినంత కరెంటే ఇవ్వగలదు. అందుకే బైపాస్ డయోడ్లు పెడతారు. నీడ పడిన వరుసని తప్పించి మిగతావి పనిచేస్తాయి. 36 గడులున్న చిన్న ప్యానెల్లో సాధారణంగా డయోడ్లు రెండే ఉంటాయి. రెండు వరుసల మీదా చెరొక గడి మీద నీడ పడితే ప్యానెల్ అంతా పడుకున్నట్టే.

ఒక పొద్దున్న దిండి దగ్గర, వశిష్ఠ గట్టు పక్కన, ఇది కళ్లారా చూశాను. ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి సర్ది ఎక్కించే కంట్రోలర్ రీడింగు ఫోన్లో కనపడుతోంది, 190 వాట్ల దగ్గర నిలకడగా ఉంది. పక్క చెట్టు నుంచి ఒకే ఒక్క మట్ట నీడ మెల్లగా టాపు మీదకి పాకింది. నిచ్చెనెక్కి చూస్తే దువ్వెన పళ్లలా ఆకుల నీడలు రెండు ప్యానెళ్ల మీదా అడ్డంగా పడ్డాయి. కప్పింది ఎంతో లేదు, పదో వంతు ఉంటుందేమో. రీడింగు 190 నుంచి నలభై లోపుకి పడిపోయింది. గాలికి మట్ట ఊగినప్పుడల్లా అంకె లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఆ చెట్టు కింద ఇంకో నాలుగు ప్యానెళ్లుంటే? ఇంకో నాలుగింటి మీద ఇంకో నాలుగు మట్టల నీడలు.

దీనికి మందు లేకపోలేదు. గడులు సగానికి కోసిన హాఫ్‌కట్ ప్యానెల్ అయితే పై సగం, కింద సగం పక్కపక్కనే విడిగా పనిచేస్తాయి, ఒక సగం మీద నీడ పడితే రెండో సగం ఇస్తుంది. రెండు ప్యానెళ్లని సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కాకుండా, పారలల్‌లో, అంటే పక్కపక్కన కలిపితే ఒకటి మునిగినా రెండోది బతుకుతుంది. అయితే పారలల్ కలిపేవాళ్లు ఒకటి గమనించాలి. మామూలు 12 వోల్టుల ప్యానెల్ పద్దెనిమిది వోల్టుల దగ్గర పనిచేస్తుందని రాసి ఉంటుంది. అది గడి వేడి 25 డిగ్రీలున్నప్పటి మాట. మన ఎండలో గడి 65 డిగ్రీలు ఎక్కడం మామూలే, అప్పుడు పదిహేను చిల్లరకి దిగుతుంది. లిథియం బ్యాటరీ నిండడానికి 14 వోల్టుల పైన కావాలి. వైర్లలో కొంత పోతే, ప్యానెల్ వోల్టేజీని సర్ది ఎక్కువ కరెంటు రాబట్టే ఎంపీపీటీ రకం కంట్రోలర్‌కి పని చేయడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ఎక్కువ వోల్టేజీ ప్యానెళ్లు తీసుకుని పారలల్ కలపాలి. షెడ్డు కొటేషన్లో ఈ వివరం ఉండదు, అడిగి రాయించుకోవాలి.

కొబ్బరి చెట్టు కింద ఇంకో భయం చెప్పక్కర్లేదు, కోనసీమలో పుట్టినవాడెవడూ కాయలున్న చెట్టు కింద మంచం వేయడు. కానీ ప్యానెళ్లు అమ్మేవాళ్లు "వడగళ్లకి కూడా ఏం కాదండీ" అంటారు. నిజమే, ప్యానెళ్లకి వడగళ్ల పరీక్ష ఉంటుంది. 25 మిల్లీమీటర్ల మంచు గుండు, బరువు ఏడున్నర గ్రాములు, సెకనుకి 23 మీటర్ల వేగంతో కొడతారు. ఆ దెబ్బలోని శక్తి, జౌల్ కొలతలో, రెండు జౌళ్లు. ఒకటిన్నర కిలోల కాయ పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడితే రెండొందల జౌళ్ల పైమాట. నూరు రెట్లు. టాపంతా అద్దం పరిచేస్తే ఆ బండి ఇక తోటలోకి రాలేదు. సగం ఖాళీగా ఉంటే కాయలు లేని వైపు చూసుకుని, కాయల దింపు ఎప్పుడైందో తోటవాళ్లని అడిగి, ధైర్యంగా ఆపొచ్చు. దింపు అయిన మర్నాడు అన్నిటికన్నా మంచి రోజు.

ఏసీ సంగతి

వెయ్యి వాట్లు అడిగేవాళ్లకి మనసులో ఉన్నది ఏసీయే. తప్పు పట్టను. మే రాత్రి అమలాపురంలో ఫ్యాను కింద పడుకున్నా దిండు తడిసిపోతుంది. పెద్దవాళ్లనీ చంటిపిల్లల్నీ పెట్టుకుని వెళ్లేవాళ్లకి ఏసీ విలాసం కాదు.

కానీ లెక్క చూడండి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, బండికి మంచి ఇన్సులేషన్ ఉందనే అనుకుందాం, వేసవి రాత్రి సరాసరి 600 వాట్లు తీసుకున్నా ఎనిమిది గంటలకి ఐదు యూనిట్లు. వెయ్యి వాట్ల ప్యానెళ్లు రోజంతా నిండు ఎండలో ఉంటే మూడున్నర యూనిట్లు. అందులో ఫ్యాన్లు, ఫ్రిజ్ ఒకటిన్నర తినేస్తే ఏసీకి మిగిలేది రెండు. మూడు గంటల చల్లదనం. అర్ధరాత్రి ఆగిపోయే ఏసీ కోసం పగలంతా బండిని ఎండలో కాల్చాలి. ఐదు యూనిట్లు దాచుకోవాలంటే 400 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ కావాలి, పెద్ద ఇన్వర్టర్ కావాలి, టాపు మీద యాభై కిలోల పైన బరువు ఎక్కుతుంది. ఇవన్నీ కొన్నవాడు తర్వాత ఫ్రిజ్ మీద పొదుపు చేయడం చూశాను.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది లడాఖ్ కాదు. డెల్టాలో ఒక ఊరు అయిపోయిందని తెలిసేలోపే ఇంకో ఊరు మొదలవుతుంది. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా పదహారు ఆంపియర్ల సాకెట్ లేని చోటు వెతుక్కోవాలి. కల్యాణమండపం, లాడ్జి, బంధువుల ఇల్లు, తోటలో మోటారు షెడ్డు. అడిగితే ఇస్తారు. రాత్రికి ఐదు యూనిట్లకి డబ్బులిస్తామంటే చాలామంది పుచ్చుకోరు కూడా, మనమే బలవంతంగా చేతిలో పెట్టాలి. ఏసీ పెట్టించుకోండి, దానికి బయటి కరెంటు అందుకునే మంచి సాకెట్, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ పెట్టించుకోండి. ఎక్కువ మంది వెయ్యి వాట్ల మీద తగలేసే డబ్బులో ఇది చిన్న భాగం. ఇక్కడ నాకు ఎలాంటి అనుమానమూ లేదు.

అనుమానం ఉన్నది వేరే చోట. కొందరికి ఎవర్నీ అడగడం ఇష్టం ఉండదు. రాత్రి ఒడలరేవులోనో పేరుపాలెంలోనో ఇసక అంచున, ఎవరి గుమ్మం ముందూ కాకుండా ఆగాలని ఉంటుంది. ఇసక మీద చెట్టు నీడ ఉండదు, సముద్రపు గాలి ఉంది, ఎండ బోలెడంత. అలాంటివాళ్లకి నా సగం టాపు సూత్రం వర్తించదేమో. వాళ్లు నింపుకుంటే నేను కాదనను. కానీ నాకు తెలిసిన కుటుంబాల్లో బండి కట్టించుకున్నవాళ్లు ఆగేది గుళ్ల దగ్గర, చుట్టాల ఊళ్లలో, తోటల్లో.

అంటించే ప్యానెళ్లు

మా బావగారు బండికి పలచటి, వంగే ప్యానెళ్లు వేయించుకున్నారు. తేలిక, ఎత్తు పెరగదు, టాపు వంపుకి అతుక్కుపోతాయి. జిల్లాలో పేరున్న షాపు వాళ్లే జిగురుతో నేరుగా రేకుకి అంటించి ఇచ్చారు. మొదటి ఏడాది ఆయన ఆనందం చూడాలి. రెండో వేసవికి గడుల మీద గోధుమరంగు మచ్చలు, అంచుల్లో బుడగలు, వచ్చే కరెంటు సగం. కింద గాలి ఆడదు కదా, రేకు వేడీ ప్యానెల్ వేడీ ఒకటైపోతాయి. మామూలు ప్యానెల్‌కే 25 డిగ్రీల పైన పెరిగే ప్రతి డిగ్రీకీ నూటికి 0.35 వరకూ కరెంటు తగ్గుతుంది, నలభై డిగ్రీలు పెరిగితే నూటికి పద్నాలుగు పోయినట్టు. అంటించినవి ఇంకా ఎక్కువ కాగుతాయి. పైన అద్దం బదులు ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి ఎండకీ గీతలకీ తట్టుకోవు. తీద్దామంటే రంగుతో సహా ఊడొచ్చాయి. షాపు వాళ్లు వారంటీ కాగితంలో "బిగింపు లోపాలు వర్తించవు" అన్న లైను చూపించారు. బిగించింది వాళ్లే.

అల్యూమినియం ఫ్రేము, అద్దం, కింద సందు. బరువైనా ఇదే నా సలహా. టాపుకి బొక్కలు కొట్టకుండా క్యారియర్ పట్టాలకి క్లాంపులతో పట్టిస్తే వానాకాలం నీళ్లు కారవు. సముద్రం పక్కన తిరిగే బండికి బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయాలి, ఇనప బ్రాకెట్‌కీ అల్యూమినియం ఫ్రేముకీ మధ్య రబ్బరు వాషరు పెట్టాలి. రెండు లోహాలు ఉప్పుతేమలో నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడిరాలిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర నీళ్లు చిలికే ఏరియేటర్ల ఫ్రేములు చూసే భీమవరం వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. కొనేటప్పుడు ఉప్పుగాలి పరీక్ష, అంటే ఐఈసీ 61701, పాసైన ప్యానెలా కాదా అడగండి. అంతర్వేది నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి.

గాలి గురించి ఒక మాట. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లకి కోనసీమలో గాలి ఏం చేయగలదో తెలుసు, తోటలు తోటలే పడుకున్నాయి. తుపాను రోజుల్లో బండి ఎవరూ తీయరు, అది సరే. ఇంటి ముందు ఆగి ఉన్న బండి మీద ప్యానెల్ లేచిపోతే ఆ అద్దం పలక ఎవరి మీద పడుతుందో తెలియదు. నాలుగు మూలలా కాకుండా ఆరు చోట్ల పట్టించండి, అక్టోబరు రాగానే బోల్టులు బిగుతు చూడండి.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. సీట్లు పీకి పడకలు వేసినవాళ్లు ఆర్టీవో ఆఫీసులో ఆ మార్పు ఎక్కించుకునేటప్పుడే టాపు మీద ఏం పెడుతున్నారో కూడా చూపించుకోవడం మంచిది. బీమా వాళ్లకీ రాసివ్వండి.

విడి ప్యానెల్, ఇంజను

ఇక నేను నమ్మిన విడి ప్యానెల్. వంద వాట్లది, ఫ్రేముతో ఉన్నదే, వెనక మడత కాళ్లు. పది మీటర్ల కేబుల్. కేబుల్ సన్నదైతే దారిలోనే వోల్టేజీ పోతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు, ఆరైతే ఇంకా మేలు. దీనికి వేరే చిన్న కంట్రోలర్ పెట్టాలి, టాపు ప్యానెళ్ల వోల్టేజీ వేరు కాబట్టి రెంటినీ ఒకే దానికి కలపకూడదు.

దీని బలం చలికాలంలో తెలుస్తుంది. మన డెల్టా 16, 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి పదిరోజుల్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు టాపు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కి లోటు లేదు. సంక్రాంతికి అలా కాదు, మధ్యాహ్నమైనా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. పడుకోబెట్టిన ప్యానెల్ మీద నేరుగా పడే ఎండలో ఐదో వంతు పోతుంది, పొద్దునా సాయంత్రమూ ఇంకా ఎక్కువ. మనం ఎక్కువగా తిరిగేది ఆ రోజుల్లోనే. విడి ప్యానెల్ అయితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

కష్టాలూ ఉన్నాయి. రెండు మూడు గంటలకోసారి జరపాలి. గుడికి వెళ్లేటప్పుడు బయట వదిలేసి పోలేం, లోపల పెట్టుకోవాలి, అంటే ఎండ మండే వేళ అది బండిలో ఉంటుంది. ఒక చోట గేదె వచ్చి ఒళ్లు రుద్దుకుంది, ప్యానెల్ బోర్లా పడింది. అదృష్టం, గడ్డి మీద. మా ఆవిడకి ఈ ఎత్తిపెట్టడాలు బొత్తిగా నచ్చవు. "పైన ఖాళీ ఉండగా ఈ బరువు మొయ్యడం ఏంటి" అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. నడుం నొప్పి ఉన్నవాళ్లకీ ఒంటరిగా తిరిగే పెద్దవాళ్లకీ ఇది చెప్పను.

అలాంటివాళ్లకి కూడా ఇంజను ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యం. బండి నడుస్తున్నంతసేపూ డైనమో ఉత్తినే తిరుగుతూ ఉంటుంది. దాని కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే డీసీ-డీసీ చార్జరు, ముప్పై ఆంపియర్లది, పెడితే గంటకి 400 వాట్-అవర్లు ఫ్యాన్లూ ఫ్రిజ్ ఆడే బ్యాటరీలోకి పోతాయి. రాజమండ్రి నుంచి అంతర్వేది చేరేసరికి ఇంచుమించు ఒక యూనిట్ వచ్చేస్తుంది. చెట్టు నీడతో పనిలేదు, వానతో పనిలేదు. శ్రావణమాసంలో ముసురు పట్టి మూడు రోజులు సూర్యుడు కనపడనప్పుడు మా ఫ్రిజ్‌ని నిలబెట్టింది ఇదే. ముసురులో ప్యానెళ్లు ఇచ్చేది మామూలు రోజులో ఐదో వంతు కూడా ఉండదు. అవి మూడొందలైనా వెయ్యి అయినా ఐదో వంతు ఐదో వంతే. రోజూ కాసేపైనా కదిలే బండికి మొదటి ఖర్చు ఇక్కడ పెట్టాలి, ప్యానెల్ రెండోది.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 150 ఆంపియర్-అవర్లు, అంటే దాదాపు రెండు యూనిట్లు. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైన తూగుతుంది, సగానికి మించి వాడితే త్వరగా పోతుంది. బండికి అది పెట్టకండి.

తమ్ముడికి చివరికి ఇలా రాసి పంపాను. టాపు మీద రెండు హాఫ్‌కట్ ప్యానెళ్లు, 165 వాట్లవి, పారలల్‌లో. డీసీ-డీసీ చార్జరు. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. బయటి కరెంటు సాకెట్, ఏసీ దాని మీద మాత్రమే. వంద వాట్ల విడి ప్యానెల్ ఇప్పుడే కొనక్కర్లేదు, కావాలంటే నాది పట్టుకెళ్లి ఒక వేసవి వాడి చూసుకోవచ్చు. మూడో ప్యానెల్‌కి క్లాంపులూ వైరు పోయే పైపూ మాత్రం ఇప్పుడే వేయించమన్నాను, మే నెల రీడింగులూ ఆగస్టు రీడింగులూ చూసుకున్నాక చాలలేదనిపిస్తే అప్పుడు బిగించుకుంటాడు. షెడ్డు వాళ్లు కొటేషన్ తిరగరాస్తున్నారు. ఏసీ దగ్గర మాత్రం వాడింకా ఒప్పుకోలేదు. ఆదివారం బండి తీసుకుని మా ఇంటికి వస్తున్నాడు, నిచ్చెన వేసి టాపు ఎక్కి, కొలతలు తీసి, ఇద్దరం మళ్లీ మాట్లాడుకోవాలి.